వైటల్‌లో ప్యాడ్ సౌండ్: లాప్‌టాప్ చిటపటలాడకుండా

వైటల్ 2020లో వచ్చిన వేవ్‌టేబుల్ సింథ్, అంటే దాచిపెట్టిన తరంగ రూపాల (వేవ్‌టేబుళ్ల) నుంచి శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్ వాయిద్యం. ఉచిత వెర్షన్‌లో తగ్గేవి ముఖ్యంగా ప్రీసెట్లు (సిద్ధంగా ఉన్న సౌండ్లు), వేవ్‌టేబుళ్లు. శబ్దం పుట్టించే మూడు ఆసిలేటర్లు, దాన్ని మలిచే రెండు ఫిల్టర్లు అందులోనూ ఉంటాయి. ప్యాడ్‌కి, అంటే పాట వెనక నిలకడగా పరుచుకునే మెత్తటి సౌండ్‌కి, అవి చాలు. చిక్కల్లా ప్యాడ్ మోగుతుండగా వచ్చే చిటపటతోనే.

అది వినగానే చెయ్యి బఫర్ మీదికి పోతుంది: కంప్యూటర్ ఒక్కో విడతలో ఎన్ని శాంపిళ్లు (శబ్దపు చిన్న ముక్కలు) లెక్కకట్టాలో చెప్పే సెట్టింగ్ అది. 44.1 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్లంటే 2.9 మిల్లీసెకన్లు, 512 అంటే 11.6. ఆ వ్యవధిలో లెక్క పూర్తికాకపోతే శబ్దం తెగుతుంది. బఫర్ పెంచితే కాస్త ఊపిరి దొరుకుతుంది కానీ పని తగ్గదు, పైగా కీ నొక్కాక స్వరం ఆలస్యంగా పలుకుతుంది. కాబట్టి ముందు పనినే కోయాలి.

పని ఎక్కడ పెరుగుతోందో చూడండి. ఉదాహరణకి, మూడు ఆసిలేటర్లకూ యూనిసన్ (ఒకే స్వరానికి పేర్చే తరంగ ప్రతులు) 16 పెట్టారు, రిలీజ్ (కీ వదిలాక శబ్దం ఆరిపోయే సమయం) 4 సెకన్లు, వాయిసెస్ (ఒకేసారి మోగగల స్వరాలు) 16. నాలుగు స్వరాల కార్డ్ 2 సెకన్లకోసారి మారుతోంది. కొత్త కార్డ్ మొదలయ్యేసరికి వెనకటి రెండింటి తోకలు ఇంకా మోగుతూనే ఉంటాయి: మొత్తం 12 స్వరాలు. 3 × 16 × 12, అంటే ఒకేసారి 576 తరంగాలు. వేళ్ల కింద ఉన్నవి నాలుగే!

ఇనిషియలైజ్ ప్రీసెట్‌తో (అన్నీ మొదటి స్థితికి తెచ్చే ఆప్షన్) మొదలుపెట్టండి. మొదటి ఆసిలేటర్‌కి యూనిసన్ 7, రెండోదానికి 4, ఒక ఆక్టేవ్ కిందికి దించిన మూడోదానికి 1. బేస్‌లో యూనిసన్ పెడితే మందం రాదు, బురద వస్తుంది. స్వరం ఎలా పెరిగి ఆరాలో చెప్పే ఎన్వలప్ 1లో అటాక్ (శబ్దం పూర్తిగా పెరిగే సమయం) 0.8 సెకన్లు, రిలీజ్ 1.5. ఇప్పుడు కార్డ్ మారేటప్పుడు పాతది ఒక్కటే మిగులుతుంది కాబట్టి వాయిసెస్ 8 సరిపోతుంది: 12 × 8 = 96 తరంగాలు, ఇందాకటి దాంట్లో ఆరో వంతు. పొడుగు తోక కావాలంటే ఎఫెక్ట్స్‌లోని రివర్బ్ (పెద్ద గదిలోలాంటి మోత) ఇస్తుంది. స్వరాలెన్ని మోగినా రివర్బ్ పనిచేసేది ఒక్కసారే.

ఫిల్టర్‌కీ ఇదే సూత్రం. వాయిస్ పేజీలోని ఫిల్టర్ ప్రతి స్వరానికీ విడిగా నడుస్తుంది. కటాఫ్ (ఫిల్టర్ శబ్దాన్ని కోసే హద్దు) స్వరస్వరానికీ ఎన్వలప్‌తో తెరుచుకోవాలంటే అక్కడే ఉంచాలి. అన్ని స్వరాలకూ ఒకే కటాఫ్ చాలనుకుంటే దాన్ని ఆఫ్ చేసి, ఎఫెక్ట్స్‌లోని ఫిల్టర్‌ని వాడండి.

అడ్వాన్స్‌డ్ పేజీలో ఓవర్‌శాంప్లింగ్ ఉంటుంది, అంటే శబ్దాన్ని మామూలు కన్నా ఎన్ని రెట్ల వేగంతో లెక్కకట్టాలన్నది. మెత్తటి ప్యాడ్‌కి 8ఎక్స్ దండగ, 2ఎక్స్ చాలు. ఒక ఆసిలేటర్‌తో ఇంకోదాన్ని ఎఫ్ఎం చేసి (దాని ఫ్రీక్వెన్సీని ఊపి), పై స్వరాల్లో గరగర వింటేనే పెంచండి. సెట్టింగులు అయిపోగానే సింథ్ విండో మూసేయండి. అందులో కదిలే బొమ్మలు గ్రాఫిక్స్ మీద భారం, చిన్న లాప్‌టాప్‌లలో అది ఆడియోకీ తగులుతుంది.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ రీపర్‌లో ఇంకో తికమక: రికార్డ్ ఆర్మ్ చేసినప్పుడు (ట్రాక్‌ని రికార్డింగ్‌కి సిద్ధం చేసినప్పుడు) చిటపట, తీసేస్తే చిటపట ఉండదు. సింథ్ పాడైందనుకోకండి. ఆర్మ్ చేయని ట్రాకుల లెక్క రీపర్ ముందుగానే చేసిపెట్టుకుంటుంది, ఆర్మ్ చేసినదాన్ని అప్పటికప్పుడు చేయాలి. రికార్డింగ్ అయ్యాక ఆర్మ్ తీసేయండి. ఇంకా బరువనిపిస్తే ట్రాక్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీజ్ చేయండి (సింథ్ లెక్క మళ్లీ అక్కర్లేకుండా ఆడియోగా మార్చి ఉంచడం), తర్వాత మార్పులు కావాలంటే అన్‌ఫ్రీజ్ చేసుకోవచ్చు. లాప్‌టాప్ ఛార్జర్ పెట్టి ఉందో లేదో కూడా చూడండి, బ్యాటరీ మీద చాలా మెషీన్లు వేగం తగ్గించేస్తాయి.

అదే సింథ్‌లో గమకాలతో లీడ్ (ముందు వినిపించే ఒంటి మెలడీ) వాయించాలంటే వాయిసెస్ 1 చేయండి. అప్పుడు యూనిసన్ పెద్ద భారం కాదు. బెండ్ (పిచ్ వీల్ స్వరాన్ని ఎన్ని అర్ధస్వరాలు జరుపుతుందన్నది) మాత్రం మార్చాలి: 2 దగ్గర ఉంటే వీల్ పూర్తిగా తిప్పినా స నుంచి చతుశ్రుతి రిషభం దాకానే వెళ్తుంది. పంచమం అందాలంటే 7 పెట్టాలి.