పాత బాక్సర్ రికార్డును ఎలా చదవాలి? పీటర్ హుస్సింగ్ ఉదాహరణతో

ఒలింపిక్స్ పట్టికలో పీటర్ హుస్సింగ్ పేరు పక్కన ఉన్నది ఒక్క కాంస్యం. 1972, మ్యూనిక్, హెవీవెయిట్. అంతవరకే చూసి పేజీ తిప్పేస్తే ఈ జర్మన్‌కు అన్యాయం చేసినట్టే. అతను చివరిదాకా అమెచ్యూర్‌గానే (బాక్సింగ్‌ను వృత్తిగా చేసుకోకుండా) ఉన్నాడు, ప్రొఫెషనల్ బెల్టులేవీ (ఛాంపియన్ టైటిళ్లేవీ) లేవు. కాబట్టి రికార్డునే ఓపిగ్గా చదవాలి.

1. ముందు ఏ జర్మనీయో తేల్చుకోండి. 1956 నుంచి 1964 దాకా రెండు జర్మనీలదీ ఒలింపిక్స్‌లో ఒకే జట్టు. 1968 నుంచి 1988 దాకా వేర్వేరు. హుస్సింగ్ పశ్చిమ జర్మనీవాడు. 1980 మాస్కోలో అతని పేరు లేకపోవడానికి కారణం ఓటమి కాదు, ఆ దేశం ఆ ఒలింపిక్స్‌ను బహిష్కరించింది. అంతకు ముందు ఏడాదే కొలోన్‌లో అతను యూరప్ ఛాంపియన్ అయ్యాడు!

2. బరువు హద్దులు చూడండి. 1972లో 81 కిలోలు దాటిన ప్రతివాడూ హెవీవెయిటే. తర్వాత 91 కిలోల దగ్గర ఇంకో గీత గీశారు, ఆ పైవాళ్లు సూపర్ హెవీవెయిట్ అయ్యారు. 1979లో హుస్సింగ్ గెలిచింది ఈ కొత్త విభాగంలోనే.

3. ఎవరి చేతిలో ఓడాడో చూడండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మ్యూనిక్ సెమీఫైనల్లో అతని ఎదుట నిలబడింది 20 ఏళ్ల క్యూబా కుర్రాడు తియోఫిలో స్టీవెన్‌సన్. రెండో రౌండ్‌లో రెఫరీ పోటీ ఆపేశాడు. సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యం ఇస్తారు కాబట్టి హుస్సింగ్‌కు పతకం దక్కింది. ఇక్కడితో ఆగకుండా ఫైనల్ గడి కూడా చూడండి: రుమేనియాకు చెందిన అలెక్సే గాయంతో బరిలోకి దిగలేదు. అంటే మ్యూనిక్‌లో స్టీవెన్‌సన్ నిజంగా ఆడిన ఆఖరి పోటీ హుస్సింగ్‌తోనే. ఆ స్టీవెన్‌సన్ 1976లో, 1980లో కూడా స్వర్ణం గెలిచాడు. అలాంటివాడి చేతిలో ఓడిపోవడం చిన్నతనమేమీ కాదు.

4. తీర్పు ఎలా వచ్చిందో గమనించండి. నాకౌటా, రెఫరీ ఆపాడా, జడ్జీల ఓట్లా? 1964 టోక్యో ఫైనల్లో మరో జర్మన్ హాన్స్ హ్యూబర్ 3-2తో ఓడాడు. ఐదుగురు జడ్జీల్లో ఇద్దరు హ్యూబర్ వైపే ఉన్నారు. గెలిచిన అమెరికన్ జో ఫ్రేజియర్ ఎడమచేతి బొటనవేలు విరిగి ఉన్నా ఆడాడు, తర్వాత ప్రపంచ ప్రొఫెషనల్ ఛాంపియన్ అయ్యాడు. ఉత్త ‘రజతం’ అన్న మాటలో ఇదంతా ఎక్కడ కనిపిస్తుంది?

5. చివరగా వయసు లెక్క వేయండి. హుస్సింగ్ పుట్టింది 1948లో. మ్యూనిక్ నాటికి 24 ఏళ్లు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ బరిలో దిగేనాటికి 36. పెద్ద బరువుల్లో దెబ్బలు తింటూ అంతకాలం అమెచ్యూర్‌గా నిలబడటం నాకైతే పతకంకన్నా పెద్ద విషయం.