పైక్ సీజన్‌కు ముందు: తీగ ట్రేస్, చచ్చిన ఎర, చేప ప్రాణం

ఇంగ్లండ్‌లో పైక్ (పదునైన పళ్లతో ఇతర చేపల్ని వేటాడే మంచినీటి చేప) వేటకు అక్టోబరు మొదలు మార్చి 14 దాకా మంచి కాలం. చలికి నీటిలోని నాచు, మొక్కలు అణిగిపోతాయి, చిన్న చేపలు గుంపుగా ఒకచోట చేరతాయి. పరుగెత్తి పట్టే ఓపిక తగ్గిన పెద్ద పైక్ అడుగున పడి ఉన్న చచ్చిన చేపనైనా తింటుంది. దాని నోరు చూస్తే భయమేస్తుంది గాని, మనిషి చేతికి చిక్కాక ఇంత తేలిగ్గా చచ్చే చేప మరొకటి అరుదు. అలా చచ్చేవాటిలో ఎక్కువ భాగానికి కారణాలు రెండే. ఒకటి తెగిపోయిన ట్రేస్ (గాలానికీ లైనుకూ మధ్య కట్టే తీగ ముక్క), రెండోది ఆలస్యంగా లాగిన గాలం. మొదటిదాని సంగతి ఇంట్లో, ట్రేస్ చుట్టే బల్ల దగ్గరే తేలిపోతుంది.

ముందు కాగితాలు. 13 ఏళ్లు నిండిన ఎవరికైనా ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ (ప్రభుత్వ పర్యావరణ సంస్థ) రాడ్ లైసెన్సు ఉండాలి. 13 నుంచి 16 ఏళ్ల పిల్లలకు అది ఉచితమే, కానీ తీసుకోవాల్సిందే. ఆ పైన చెరువు ఎవరిదైతే వాళ్ల అనుమతి, లేదా క్లబ్ సభ్యత్వం వేరుగా కావాలి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా వేట నిషేధం. నార్ఫోక్ బ్రాడ్స్ (తూర్పు ఇంగ్లండ్‌లోని సరస్సులు, నదుల ప్రాంతం) జలాలకూ అది వర్తిస్తుంది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని కొన్ని సరస్సుల్లో మంచినీటి చేపను ఎరగా వాడకూడదు, అది చచ్చినదైనా సరే. స్కాట్లండ్‌లో బతికిన చేప ఎర నిషిద్ధం. మన దగ్గర కొర్రమీను పట్టి ఇంటికి తెచ్చుకున్నట్టు ఇక్కడ పైక్‌ను తెచ్చుకుందామంటే కుదరదు. నదిలో రోజుకు 65 సెంటీమీటర్ల లోపుది ఒక్కటి తీసుకోవచ్చని నిబంధన ఉన్నా, చాలా క్లబ్బులు అదీ ఒప్పుకోవు. చెరువులోంచి అనుమతి లేకుండా తీస్తే దొంగతనం కిందే లెక్క. కాబట్టి పట్టిన చేపను తిరిగి వదలాలనే ఉద్దేశంతోనే ఇక్కడ అన్ని ఏర్పాట్లూ చేసుకోవాలి.

ఇక ట్రేస్. నైలాన్ లైనుకు నేరుగా గాలం కట్టడం కొర్రమీనుకు చెల్లుతుందేమో, పైక్‌కు చెల్లదు. పళ్లు తగిలితే నైలాన్ గాని బ్రెయిడ్ (అల్లిన దారం) గాని అక్కడికక్కడే తెగుతుంది, చేప గొంతులో రెండు ట్రెబుల్ (మూడు ముళ్ల) గాలాలతో వెళ్లిపోతుంది. కాబట్టి ఏడు పోగుల స్టీలు తీగ, 28 లేదా 30 పౌండ్ల బరువు దాకా తెగనిది వాడాలి. 49 పోగులది ఇంకా మెత్తగా ఉంటుంది, త్వరగా మెలిక పడదు, కాకపోతే ధర ఎక్కువ. రీల్ మీద నైలాన్ అయితే 15 పౌండ్లకు తగ్గకూడదు, బ్రెయిడ్ అయితే 50 పౌండ్లది. బ్రెయిడ్ వాడేవాళ్లు తీగను కూడా 40 పౌండ్లకు పెంచుకోవడం మంచిదని మా అభిప్రాయం.

ట్రేస్ పొడవు పూర్తయ్యాక 50 సెంటీమీటర్లు ఉండాలి. దానికి 75 సెంటీమీటర్ల తీగ కత్తిరించండి. సైజు 6 ట్రెబుల్ గాలాలు రెండు, సైజు 6 లేదా 8 స్వివెల్ (లైను మెలి పడకుండా తిరిగే లోహపు కీలు) ఒకటి, ష్రింక్ ట్యూబు (వేడికి ముడుచుకునే ప్లాస్టిక్ గొట్టం) ముక్కలు దగ్గర పెట్టుకోండి. ట్రెబుల్‌కున్న మూడు ముళ్లలో రెండింటికి, వెనక్కి జారకుండా ఆపే చిన్న కొక్కేలైన బార్బ్‌లను ప్లయర్‌తో నొక్కి చదును చేయాలి. బార్బ్ ఉన్న మూడోది ఎరను పట్టుకోవడానికి, చదును చేసినవి చేపను పట్టుకోవడానికి. ఇలా చేస్తే చేప జారిపోతుందని కొత్తవాళ్ల భయం. లైను బిగువు తప్పకుండా చూసుకుంటే జారదు, విప్పడానికి మాత్రం క్షణం చాలు.

తీగ చివరను కింది ట్రెబుల్ కన్నులోంచి రెండుసార్లు తిప్పి తీసి, ఆరు సెంటీమీటర్ల తోక వదలండి. తోక కొసను ఫోర్సెప్స్‌తో (పొడవాటి పట్టకారుతో) పట్టుకోండి. అసలు తీగను నిటారుగా బిగించి ఉంచి, ఫోర్సెప్స్‌ను దాని చుట్టూ తిప్పండి. తోక తీగ అసలు తీగను చుట్టుకుంటూ పోవాలి. రెండూ ఒకదానికొకటి పెనవేసుకుంటే మాత్రం పని చెడినట్టే. మెలికలు ఒకదాన్నొకటి ఆనుకుని ఎనిమిది, పది వచ్చాక మిగిలినది కటింగ్ ప్లయర్‌తో మొదలంటా కత్తిరించండి. సందు వదిలి చుట్టిన మెలిక బరువు పడగానే జారుతుంది. కత్తిరించిన కొస బయటకు పొడుచుకొస్తే వేలు చీరుతుంది, వలకూ తగులుకుంటుంది.

పై ట్రెబుల్‌ను స్వివెల్ కట్టకముందే ఎక్కించాలి. ఇది మరిచిపోయి స్వివెల్ బిగించాక తల పట్టుకునేవాళ్లు ఎందరో. తీగను దాని కన్నులోంచి పోనిచ్చి, కింది గాలానికి ఏడెనిమిది సెంటీమీటర్ల ఎడం ఉండేలా జరపండి. గాలం కాడ చుట్టూ నాలుగైదు చుట్లు చుట్టి, తీగను తిరిగి కన్నులోంచి పైకి లాగితే అది అక్కడే నిలుస్తుంది. ఎర చిన్నదైతే ఎడం తగ్గించండి. ఆ తర్వాత మొదటిదానిలాగే మెలిక వేసి స్వివెల్ కట్టి, ముందే తీగకు ఎక్కించి ఉంచిన ష్రింక్ ట్యూబును కీళ్ల మీదికి జరిపి, వేడినీటి ఆవిరి చూపండి. సిగరెట్ లైటర్ మంట తీగ పోగులను మెత్తబరుస్తుంది, దాని జోలికి పోకండి.

మెలికకు బదులు క్రింప్ గొట్టాలతో (నలిపి తీగను బిగించే చిన్న లోహపు గొట్టాలతో) చేసుకునేవాళ్లకు ఒకే హెచ్చరిక. మామూలు ప్లయర్‌తో నలిపితే గొట్టం అంచు లోపలి పోగులను కోసేస్తుంది. ఆ సంగతి మీకు తెలిసేది పెద్ద చేప పడినప్పుడే. దానికి తగిన గాడి ఉన్న క్రింపింగ్ ప్లయర్ కొనండి, లేదా మెలిక పద్ధతే నేర్చుకోండి.

తయారైన ప్రతి ట్రేస్‌నూ పరీక్షించాలి. గాలాన్ని గట్టి చెక్కకు తగిలించి, స్వివెల్‌కు స్ప్రింగ్ త్రాసు కట్టి, ఎనిమిది కిలోల దాకా నెమ్మదిగా లాగండి. కళ్లకు అద్దాలు పెట్టుకోండి, జారిన ట్రెబుల్ ముఖం మీదికే వస్తుంది. సీజన్ మధ్యలో కూడా ఒక్క పోగు తెగినా, పందితోకలా మెలి తిరిగినా, ఆ ట్రేస్ పని అయిపోయినట్టే. చేతితో సాగదీసి సరిచేశామనుకున్న చోటే తెగుతుంది. సంచిలో ఎప్పుడూ పది సిద్ధంగా ఉంటే పాడైన దాన్ని పారేయడానికి మనసు వెనకాడదు.

ఎర విషయానికొస్తే, సముద్రపు చేపలే సులువు: మాకెరెల్ (మన కానాగంతకు దగ్గరి జాతి), సార్డీన్, హెర్రింగ్, స్మెల్ట్. పొడవు 15 నుంచి 20 సెంటీమీటర్లు చాలు, పెద్ద మాకెరెల్ అయితే సగానికి కోసి తోక భాగం వాడండి. సార్డీన్ చాలా మెత్తన. గడ్డకట్టినదాన్ని గడ్డగానే తీసుకెళ్లి ఎలాస్టిక్ దారంతో చుట్టకపోతే విసరగానే గాలం ఒకవైపు, చేప ఒకవైపు పోతాయి. పై గాలం తోక మొదట్లో గట్టి చోట, కిందిది పక్క కండలో, ఒక్కో ముల్లు మాత్రమే దిగాలి. మిగతా ముళ్లు బయటే ఉండాలి. లోపల పాతిపెడితే లాగినప్పుడు ఎరకే గుచ్చుకుని ఉండిపోతాయి. గాలితిత్తి ఉన్న చేపయితే సూదితో పొడిస్తే గాని మునగదు. బరువును అసలు లైనుకన్నా బలహీనమైన దారంతో కట్టండి. రాళ్లలో ఇరుక్కుంటే బరువు పోవాలి, చేప పోకూడదు. 0.06 నుంచి 28.35 గ్రాముల మధ్య సీసపు బరువులు ఇంగ్లండ్‌లో చట్టవిరుద్ధం, వేరే లోహానివి కొనండి.

ఇక అసలు ప్రమాదం, ఆలస్యం. ఎరను మింగనిద్దాం, అప్పుడైతే తప్పించుకోదని ఆగడం పాతకాలపు పద్ధతి. మింగిన గాలం కడుపులో దిగుతుంది, చేప ఎక్కువసార్లు బతకదు. బెండు కదిలినా, ఇండికేటర్ (లైనుకు తగిలించే కాటు సూచిక) జారినా, వెంటనే లైను చుట్టి బిగించి లాగండి. పైక్ ఎరను పట్టుకుని మీ వైపే ఈదుకొస్తే లైను బిగుసుకోదు, వదులవుతుంది. దీన్ని గుర్తించడానికే డ్రాప్-ఆఫ్ ఇండికేటర్ ఉండేది, అది కిందికి పడుతుంది. లైను లాగితే మోగే అలారం మోగలేదని కూర్చుంటే అంతే సంగతులు. రాడ్ల పక్క నుంచి లేవకండి. టీ తాగడానికి వెళ్లాలంటే ఎరను బయటకు తీసి వెళ్లండి. పైగా రాడ్లు ఎన్ని ఉంటే అంత తికమక. రెండు వాడితే చాలు.

ఒడ్డున మూడు వస్తువులు చేతికందేలా ఉండాలి: పెద్ద వల (నోరు 42 అంగుళాలు), నీటితో తడిపిన మెత్తటి మ్యాట్, 30 సెంటీమీటర్ల ఫోర్సెప్స్‌తో పాటు బలమైన కటింగ్ ప్లయర్. పైక్‌ను మ్యాట్ మీద పడుకోబెట్టి, మొప్ప మూత కింద రెండు వేళ్లు పోనిచ్చి, అంచు వెంబడే గడ్డం వైపు జరపండి. రెండు మొప్ప మూతలు కలిసే చోట గట్టి ఎముక దొరుకుతుంది. అక్కడ పట్టి తల కొద్దిగా ఎత్తితే నోరు తనంతట తానే తెరుచుకుంటుంది. లోపలి ఎర్రని కుచ్చులను తాకకండి, రక్తం ఆగదు. మొదటి సీజన్‌లో పట్టుకునే చేతికి పలుచని తోలు గ్లవ్ వేసుకోండి. గాలం లోతుగా ఉంటే బలవంతంగా లాగొద్దు. మొప్ప మూత వెనక నుంచి ఫోర్సెప్స్ పోనిచ్చి తిప్పండి, రాకపోతే కటింగ్ ప్లయర్‌తో ముళ్లను ముక్కలు చేసి ఒక్కోటి తీయండి. గాలం ఖరీదు చూసుకోకండి.

మీరు ఊపిరి బిగబట్టి ఉండగలిగినంత సేపే చేపను నీటి బయట ఉంచండి. గడ్డం పట్టి నిలువుగా వేలాడదీసి ఫొటో తీస్తే పేగులు, దవడ దెబ్బతింటాయి. రెండు చేతులతో అడ్డంగా, మోకాళ్ల మీద కూర్చుని, మ్యాట్‌కు దగ్గరగా పట్టుకోండి. తూకం వేయాలంటే తడి సంచిలోనే. నీళ్లలో వదిలేటప్పుడు తన బలంతో ఈదేదాకా నిటారుగా పట్టుకోండి. నీరు 20 డిగ్రీలకు చేరే వేసవిలో అసలు పైక్ జోలికి పోకండి, ప్రాణవాయువు తగ్గి అలసిన చేప కోలుకోదు.

మీ సంగతి: కార్బన్ రాడ్ విద్యుత్తును ఇట్టే పారిస్తుంది, ఓవర్‌హెడ్ విద్యుత్ తీగలకు 30 మీటర్ల దూరంలో ఉండండి. జనవరి నీళ్లలో పడితే ఊపిరి తిరగదు, ఈత వచ్చినా నిమిషాల్లో చేతులు పనిచేయవు. పడవలో లైఫ్ జాకెట్ తప్పనిసరి. డిసెంబరులో నాలుగు గంటలకే చీకటి పడుతుంది, తలకు కట్టుకునే లైటు ఉంచుకోండి. చేతికి గాలం దిగితే, బార్బ్ ఉన్న ముల్లయితే, వెనక్కి లాగే ప్రయత్నం మానండి. ట్రేస్ కత్తిరించి, మిగిలిన ముళ్లకు టేప్ చుట్టి, ఆసుపత్రి ఎ అండ్ ఇ (అత్యవసర విభాగం) కి వెళ్లండి.

ఇంటికి వచ్చాక వల, మ్యాట్ వేడినీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, ఒక చెరువు జబ్బు ఇంకో చెరువుకు పోకుండా. పాత ట్రేస్‌లను చిన్న ముక్కలుగా కత్తిరించి డబ్బాలో మూతపెట్టి చెత్తలో వేయండి.