చంటిపిల్లలతో దీవిలో గుడారం: తిరుగుదారి నుంచి మొదలుపెట్టవలసిన ప్రణాళిక

ఉష్ణమండల దీవిలో చంటిపిల్లలతో రెండు మూడు రాత్రులు గుడారంలో గడపాలనుకునేవారు సాధారణంగా ముందు అందమైన తీరం కోసం వెతుకుతారు. నేను మాత్రం ముందు తిరుగుదారి చూసుకోమంటాను. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే ఏ పడవ వస్తుంది, దాన్ని నడిపే మనిషిని ఎలా పిలవాలి, రేవు నుంచి పిల్లల వైద్యుడున్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది అన్న మూడు ప్రశ్నలకు కచ్చితమైన జవాబు దొరికిన దీవినే ఎంచుకోవాలి. ఫోన్ సిగ్నల్ అందని చోటైతే ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాన్ని అద్దెకైనా తీసుకోవాలి. ఈ జవాబులు దొరకని దీవి ఎంత అందమైనదైనా పిల్లలు పెద్దయ్యాక వెళ్లదగినదే.

బిడ్డ వయసు గురించి కూడా నిష్కర్షగా చెప్పవలసి ఉంది. ఆరు నెలలు నిండని శిశువుకు సాధారణంగా సన్‌స్క్రీన్ రాయమని వైద్యులు చెప్పరు, విడిగా నీళ్లు పట్టకూడదు, శరీరంలోని వేడిని బయటికి పంపుకునే శక్తి ఇంకా కుదురుకోదు. మూడు నెలలలోపు పసికందుకు ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా దాటినా ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించవలసిందే. అందుచేత ఆరు నెలలు నిండేదాకా ప్రయాణాన్ని వాయిదా వేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఆ వయసు దాటినవారినైనా బయలుదేరడానికి నాలుగు నుంచి ఆరు వారాల ముందు వైద్యునికి చూపించి, వెళ్లే ప్రాంతానికి ఏ టీకాలు, ఏ మందులు అవసరమో అడగాలి. జ్వరం మందు మోతాదు బిడ్డ బరువును బట్టి మారుతుంది కనుక దాన్ని కాగితం మీద రాయించుకుని మందు సీసాతోపాటే ఉంచాలి. నిద్రమత్తులో, టార్చిలైటు వెలుగులో లెక్కలు వేసుకునే పరిస్థితి రాకూడదు.

వెళ్లే కాలం వర్షాలూ తుపానులూ లేనిదై ఉండాలి. అది దీవిని బట్టి మారుతుంది: ఉత్తర అట్లాంటిక్‌లో తుపానుల కాలం జూన్ నుంచి నవంబరు దాకా సాగితే, దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉంటుంది. ఇక రోజు విషయానికి వస్తే, భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో పగలు ఏడాది పొడవునా దాదాపు 12 గంటలే, సంధ్యవేళ చాలా తక్కువసేపు ఉంటుంది. పొద్దు వాలిన కాసేపటికే చీకటి కమ్ముకుంటుంది కనుక ఉదయపు పడవకే వెళ్లాలి. తీరప్రాంతాలలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి పుంజుకుని అలలు పెరగడం మామూలే, కాబట్టి ఉదయపు ప్రయాణం పిల్లలకు సుఖం కూడా. పడవలో ప్రతి బిడ్డకూ బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్ ఉండాలి. తలను నీటిపైకి నిలిపే మెడపట్టీ, కాళ్ల మధ్యగా బిగించే పట్టీ ఉన్నదాన్ని ఇంటినుంచే తీసుకువెళ్లాలి, ఎందుకంటే పడవలలో ఉండేవి చాలావరకు పెద్దవారి కొలతలవి.

గుడారం వేసే చోటు ఎంచుకునేటప్పుడు ముందు పైకి చూడాలి. కొబ్బరిచెట్టు కింది నీడ ఎంత చల్లగా ఉన్నా అక్కడ గుడారం వేయకూడదు. కాయే కాదు, ఎండిన మట్ట పడినా పసిబిడ్డకు ప్రాణాపాయమే. తర్వాత నేలను చూడాలి. నాచు, పుల్లలు, గవ్వలు వరుసగా పేరుకున్న గీత పోటునీరు ఎంతదాకా వచ్చిందో చెబుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ పోటు ఇంకా ఎత్తుకు వస్తుంది కాబట్టి ఆ గీతకు చాలా ఎగువన, గట్టి నేల మీద విడిది చేయాలి. మడ అడవులకూ నిలవ నీటికీ దూరంగా, గాలి తగిలే చోటైతే దోమలూ ఇసుక ఈగలూ తగ్గుతాయి. కొత్త దీవిలో తెలియని చెట్టు కాయను గానీ ఆకును గానీ పిల్లల నోటికి అందనివ్వకూడదు. కరీబియన్ తీరాలలో పెరిగే మాంచినీల్ చెట్టు పాలు చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి, వానలో ఆ చెట్టు కింద నిలబడడం కూడా ప్రమాదమే.

మూసిన గుడారం పగటిపూట కొలిమిలా వేడెక్కుతుంది. పగటి నిద్ర అందులో పెట్టుకోకూడదు. గాలి ఆడే నీడలో, టార్పాలిన్ కింద, దోమతెర కప్పిన చిన్న పడక సిద్ధం చేయాలి. పెద్ద గుడారం కన్నా ఈ టార్పాలినే ముఖ్యమని నా ఉద్దేశం, ఎందుకంటే ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా కుటుంబమంతా దాని కిందే ఉండాలి. ఏడాది నిండని బిడ్డను రాత్రి వెల్లకిలా, గట్టిగా చదునుగా ఉన్న పరుపు మీద, దిండూ దుప్పటీ లేకుండా పడుకోబెట్టాలి. గాలి నింపే పరుపు పెద్దలకు హాయిగా ఉన్నా, శిశువు ముఖం అందులోకి కూరుకుపోయి ఊపిరాడకపోయే ప్రమాదం ఉంది. వాన వచ్చినా సరే, గుడారం లోపల స్టవ్ వెలిగించకూడదు. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఎండ నుంచి కాపాడేది మొదట నీడ, తర్వాత బట్ట, ఆ తర్వాతే సన్‌స్క్రీన్. పొడవు చేతుల పలుచని చొక్కా, మెడను కప్పే టోపీ వేసి, మిగిలిన ఒంటికి ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని, జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం రాసి, రెండు గంటలకొకసారీ, నీటిలోంచి వచ్చిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. పలావూ, హవాయి వంటి చోట్ల పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్ ఉన్న లేపనాల అమ్మకాన్ని నిషేధించారు కాబట్టి సీసా మీది వివరాలు చదివి కొనాలి.

నీరు తలకు రోజుకు నాలుగు లీటర్లు తాగడానికీ వంటకూ లెక్కకట్టి, పిల్లల ఒంటి మీది ఉప్పునీటినీ ఇసుకనూ కడగడానికి అదనంగా తీసుకువెళ్లాలి. సాయంత్రం మంచినీటితో ఒళ్లు తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి బట్టలు వేస్తే చెమటకాయలూ డయపర్ ఒరుపులూ చాలావరకు రావు. గుడారం గుమ్మంలో కాళ్లు కడుక్కోవడానికి ఒక చిన్న తొట్టి పెడితే పక్కల్లో ఇసుక చేరదు. నమ్మకం లేని నీటిని తెర్లేదాకా కాచి, ఒక నిమిషం పాటు మరగనివ్వాలి. పొడిపాలు తాగే బిడ్డకు 70 డిగ్రీలకు తగ్గని వేడినీటిలో పాలు కలిపి, చల్లార్చి పట్టాలి. కలిపి రెండు గంటలు దాటినవి పారబోయాలి. తల్లిపాలు తాగే బిడ్డకు వేడిలో మామూలుకన్నా ఎక్కువసార్లు పాలివ్వాలి, తల్లి కూడా నీళ్లు ఎక్కువగా తాగాలి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు తప్పనిసరి. వాటిని ప్యాకెట్ మీద రాసిన కొలతకే కలపాలి, కలిపినది 24 గంటల తర్వాత వాడకూడదు.

దోమల విషయంలో చాలామంది సాయంత్రం నుంచే జాగ్రత్తపడతారు, కానీ డెంగీని మోసే దోమ పగలే కుడుతుంది. రెండు నెలలలోపు శిశువుకు దోమల మందు ఏదీ రాయకూడదు. మూడేళ్లలోపు పిల్లలకు నిమ్మ యూకలిప్టస్ నూనె వాడకూడదు. డీట్ అనే దోమలను తరిమే రసాయనం ఉన్న మందును పెద్దవారు తమ చేతిలో వేసుకుని బిడ్డకు రాయాలి తప్ప ముఖం మీద చల్లకూడదు; వేళ్లు నోట్లో పెట్టుకునే వయసు కనుక పిల్లల చేతులకు రాయనే వద్దు.

అన్నిటికన్నా ఎక్కువ భయపడవలసింది సముద్రానికి. మునిగిపోయే బిడ్డ కేకలు వేయదు, చేతులు ఊపదు. నిశ్శబ్దంగా, కొద్ది క్షణాల్లో, మోకాలి లోతు నీటిలో కూడా ప్రాణం పోవచ్చు. కాబట్టి నీటి దగ్గర ఉన్నంతసేపూ ఒక పెద్ద మనిషి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. అందరూ ఉన్నారు కదా అనుకునే చోట ఎవరూ చూడకపోవడమే జరుగుతుంది, అందుచేత ఇరవై నిమిషాలకొకరు చొప్పున వంతులు వేసుకుని, వంతు మారేటప్పుడు నోటితో చెప్పి అప్పగించాలి. వంతులో ఉన్నవారి చేతిలో ఫోన్ ఉండకూడదు. గాలితో నింపే చేతిపట్టీలను నమ్మవద్దు. పగడపు దిబ్బ అడ్డుగా ఉన్న నిదానపు నీటిలో, ఆటు సమయంలో ఆడించడం మేలు. శంకువు ఆకారపు అందమైన గవ్వలలో విషపు ముల్లున్న జీవి ఉండవచ్చు కనుక సముద్రపు గవ్వలను పిల్లలచేత ఏరించవద్దు. అందరికీ అడుగు మందంగా ఉన్న నీటి చెప్పులు వేయాలి. నీటిలో విషపు చేప ముల్లు గుచ్చుకుంటే భరించగలిగేంత వేడినీటిలో, 45 డిగ్రీలు మించకుండా, పెద్దవారు ముందు తమ చేతితో చూసుకుని, గాయాన్ని ముంచి ఉంచాలి. బాక్స్ జెల్లీ చేపలు తిరిగే జలాలైతే వెనిగర్ సీసా వెంట ఉండాలి. అది కుడితే సాయం కోసం కబురు పంపుతూనే కనీసం 30 సెకన్ల పాటు వెనిగర్ పోయాలి. అయితే అన్ని రకాల జెల్లీ చేపల కాటుకూ ఇది మందు కాదు, అక్కడి నీటిలో ఏవి తిరుగుతాయో ముందే అడగాలి.

బయలుదేరే ముందు ఒక రాత్రి ఇంటి ఆవరణలోనో మేడమీదనో అదే గుడారంలో పడుకుని చూడాలి. ఏ వస్తువు మరిచారో అక్కడే తెలుస్తుంది, పిల్లలకూ కొత్త పడక అలవాటవుతుంది. సముద్రం పోటెత్తి పడవ ఒకటి రెండు రోజులు రాకపోవచ్చు కనుక ఆ అదనపు రోజులకు సరిపడా నీరు, తిండి, డయపర్లు, మందులు విడిగా ఒక సంచిలో కట్టి ముట్టకుండా ఉంచాలి. చివరగా, ఏమి జరిగితే వెంటనే వెనక్కి వస్తారో ఇంట్లోనే కూర్చుని రాసుకోవాలి: ఆరు గంటలుగా మూత్రం పోయని బిడ్డ, ఏదీ కడుపులో నిలవని వాంతులు, లేపినా మత్తుగా ఉండడం, తగ్గని జ్వరం, తుపాను హెచ్చరిక. ఆ కాగితం నకలు ఒకటి పడవ నడిపే మనిషికి కూడా ఇచ్చి, వీటిలో ఏది జరిగినా ఎంత రాత్రయినా పిలుస్తామని చెప్పి, ఆయన వస్తానని మాట ఇచ్చిన తర్వాతే బయానా చెల్లించాలి.