షెల్ నేర్చుకుందాం – 3: పాత్ లైను రాసేముందు

పోయిన పాఠంలో ఎలియాస్‌లు, అంటే కమాండ్లకు పొట్టి పేర్లు, రాసుకున్నాం. ఈసారి బాష్‌ఆర్‌సీ ఫైల్లో పాత్. షెల్ అంటే మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాము, బాష్ అలాంటి ఒక షెల్. కొత్త టెర్మినల్ తెరిచినప్పుడల్లా అది చదివే సెట్టింగుల ఫైలే బాష్‌ఆర్‌సీ. ఇక్కడ నిదానంగా నడవాలి.

మొన్న రాత్రి దేవరకొండ నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, ఎల్‌ఎస్ కొట్టినా కమాండ్ నాట్ ఫౌండ్ అంటుంది. ఉబుంటు మళ్లీ ఎక్కించాల్నా?" గొంతులో టెన్షన్. (ఎల్‌ఎస్ అంటే ఫోల్డర్లో ఉన్నవి చూపే కమాండు, ఉబుంటు ఒక లినక్స్ సిస్టమ్.) అక్కర్లేదని చెప్పి, చివరగా రాసిన లైను చదవమన్నాను. హోమ్‌లో బిన్ ఫోల్డర్ చేసుకున్నాడు. దాన్ని పాత్‌లో కలపబోయి, ఈక్వల్ తర్వాత ఆ ఫోల్డర్ ఒక్కటే రాశాడు.

పాత్ అంటే షెల్ కమాండ్లను వెతికే ఫోల్డర్ల వరుస. మధ్యలో కోలన్లు ఉంటాయి. ఎడమ నుంచి వెతుకుతూ మొదట దొరికినదాన్ని నడుపుతుంది. తమ్ముడి లైనుతో పాత వరుసంతా పోయింది. ఎల్‌ఎస్ డిస్కులో ఎక్కడిదక్కడే ఉంది, దాని దారే షెల్‌కు తెలియకుండా పోయింది. ఫోల్డర్ మార్చే సీడీ మాత్రం పనిచేస్తుంది, అది షెల్ లోపలి కమాండు కాబట్టి. పూర్తి దారి రాస్తే మిగతావీ పనిచేస్తాయి. స్లాష్ యూఎస్‌ఆర్ స్లాష్ బిన్ స్లాష్ నానో అని కొట్టించి, ఆ నానో ఎడిటర్లో ఫైలు తెరిపించి, లైను సరిచేయించాను.

సరైన లైను ఇలా ఉంటుంది: ఎక్స్‌పోర్ట్, ఒక ఖాళీ, పాత్, ఈక్వల్, డబుల్ కోట్, డాలర్ హోమ్, స్లాష్ బిన్, కోలన్, డాలర్ పాత్, డబుల్ కోట్. పాత్, హోమ్ రెండూ పెద్దక్షరాల్లో. ఈక్వల్‌కు అటూ ఇటూ ఖాళీ వద్దు. చివరి డాలర్ పాతే పాత వరుసను నిలబెట్టేది. నిజానికి ఉబుంటులో హోమ్‌లో బిన్ ఉంటే, లాగిన్ అయ్యేటప్పుడు ప్రొఫైల్ ఫైలే దాన్ని పాత్‌లో కలుపుతుంది. ఒకసారి లాగౌట్ అయి వస్తే ఆ తమ్ముడి పని అయిపోయేది.

మార్చేముందు ఫైలుకు ఒక కాపీ తీసుకోండి. సేవ్ చేశాక బాష్, మైనస్ ఎన్, ఫైలు పేరు కొట్టండి. మూయని కోట్, ముగియని ఇఫ్ దానికి దొరుకుతాయి. కానీ తమ్ముడి తప్పు దొరకదు, ఆ లైను వ్యాకరణం సరిగ్గానే ఉంది. అందుకే పాత టెర్మినల్ మూయకుండా కొత్తది తెరిచి, అందులో ఎల్‌ఎస్, నానో కొట్టి చూడండి. కొత్త బోరులో నీళ్లు పడకముందే పాత బోరు మోటరు పీకేస్తామా? పాత కిటికీలో పాత పాత్ ఇంకా బతికే ఉంటుంది, తప్పుంటే అక్కడి నుంచే దిద్దుకోవచ్చు.

అభ్యాసం: ఫైలు ముట్టకుండా, ఒక టెర్మినల్లో పాత్ ఈక్వల్ స్లాష్ టీఎంపీ అని కొట్టండి. ఎల్‌ఎస్, సీడీ, తర్వాత స్లాష్ బిన్ స్లాష్ ఎల్‌ఎస్ వరుసగా ప్రయత్నించండి. కిటికీ మూస్తే ఆ మార్పు పోతుంది. వచ్చే పాఠంలో ప్రాంప్ట్ రంగులు.