కొత్త క్రిప్టో టోకెన్ కొనే ముందు బయటికి వచ్చే దారి చూసుకోవడం ఎలా

2021 అక్టోబరు చివర్లో ఒక సెంటు దగ్గర మొదలైన స్క్విడ్ అనే టోకెన్, నవంబరు 1న 2,861 డాలర్లను తాకి, ఆ వెంటనే కొన్ని నిమిషాల్లో దాదాపు సున్నాకు పడిపోయింది. అప్పట్లో అందరి నోళ్లలో నానుతున్న ఒక కొరియన్ వెబ్ సిరీస్ పేరును, దానితో ఏ సంబంధమూ లేనివాళ్లు వాడుకొని విడుదల చేసిన టోకెన్ అది. తయారీదారులు సుమారు 33 లక్షల డాలర్లతో మాయమయ్యారని అంచనా. అయితే ఈ ఉదంతంలో గమనించవలసింది పతనం కాదు, అంతకుముందు జరిగింది. ధర పెరుగుతున్న రోజుల్లోనే చాలామంది అమ్మబోయి అమ్మలేకపోయారు. అమ్మాలంటే మరో రకం టోకెన్ చేతిలో ఉండాలన్న షరతు వైట్‌పేపర్‌లోనే ఉంది.

అందుకే కొత్త టోకెన్‌ను పరిశీలించేటప్పుడు అది ఎంత పెరుగుతుందన్న ప్రశ్నను చివరికి నెట్టి, దీన్ని అమ్మాలనుకున్న రోజున ఎవరికి, ఎక్కడ, ఎంతకు అమ్మగలను అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మంచిది. రెండు గుంటల పొలం కొనడానికి ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు చదివించి, సర్వే నంబరు సరిచూసుకొని, హద్దురాళ్లు కళ్లారా చూసి వచ్చే మనిషి, టెలిగ్రామ్ గ్రూపులో కనిపించిన టోకెన్‌లో అంతే డబ్బును పది నిమిషాల్లో పెట్టేస్తున్నాడు. ఇక్కడా ఈసీలాంటివి ఉన్నాయి. పైగా వాటిని తీయించడానికి రూపాయి ఖర్చు లేదు.

మొదట చూడవలసింది కొనుగోలు అమ్మకాలు జరిగే చోటు. పెద్ద ఎక్స్చేంజీల్లోకి ఎక్కని కొత్త టోకెన్లు చాలావరకు లిక్విడిటీ పూల్ అనే ఉమ్మడి గల్లాల్లో చేతులు మారుతుంటాయి. అందులో ఒకవైపు ఆ టోకెన్లు, మరోవైపు ఈథర్ లాంటి విలువ తెలిసిన నాణెం ఉంటాయి. లెక్క సులువు కోసం రెండోవైపు రూపాయలే ఉన్నాయనుకుందాం. గల్లాలో 10 లక్షల టోకెన్లు, 10 లక్షల రూపాయలు ఉంటే టోకెన్ ధర రూపాయి. బాగా వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం ఈ రెండు అంకెల లబ్ధం ఎప్పుడూ మారకూడదు. మీ దగ్గర మరో 10 లక్షల టోకెన్లు ఉంటే మీ వాలెట్ తెరమీద 10 లక్షల రూపాయలు కనిపిస్తాయి. వాటన్నిటినీ ఒకేసారి అమ్మితే గల్లాలో టోకెన్లు 20 లక్షలకు చేరతాయి, లబ్ధం మారకూడదు కనుక రూపాయలు 5 లక్షలకు తగ్గుతాయి, అంటే మీ చేతికి వచ్చేది 5 లక్షలే. ఇక అదే గల్లాలోకి తయారీదారు తన దగ్గరున్న 90 లక్షల టోకెన్లను మీకంటే ముందే కుమ్మరించాడనుకోండి, అతనికి 9 లక్షల రూపాయలు పోగా కోటి టోకెన్ల పక్కన లక్ష రూపాయలు మిగులుతాయి, రూపాయి టోకెన్ పైసా అవుతుంది. కాబట్టి టోకెన్ మొత్తం విలువ ఎన్ని కోట్లని ప్రకటనలో రాశారో చూడటం కన్నా, గల్లాలో నిజంగా ఎంత ఉందో చూడటం ముఖ్యం. మీరు పెట్టబోయే మొత్తం గల్లాలో ఉన్న దానితో పోల్చదగినంత పెద్దదైతే, ధర పెరిగినా మీరు ఆ ధరకు బయటపడలేరు.

గల్లాలో సొమ్ము ఉంటే చాలదు, దాన్ని ఎత్తుకుపోయే వీలు ఎవరికి ఉందో కూడా చూడాలి. గల్లాలో సొమ్ము వేసినవాళ్లకు రసీదులాగా ఎల్‌పీ టోకెన్లు వస్తాయి. ఆ రసీదులు తయారీదారు వాలెట్‌లోనే ఉంటే అతను ఏ అర్ధరాత్రయినా గల్లా ఖాళీ చేసుకొని పోవచ్చు. వాటిని కొంతకాలం తాళం వేసే కాంట్రాక్టులో (బ్లాక్‌చెయిన్ మీద తనంతట తాను నడిచే ప్రోగ్రాములో) పెట్టామని చెబితే, ఆ తాళం గడువు ఏ తేదీన తీరుతుందో, మొత్తం రసీదుల్లో ఎంత శాతం అందులో ఉన్నాయో చూడాలి. ముప్పై రోజుల తాళం ముప్పై ఒకటో రోజున ఏం జరగబోతుందో చెప్పే తాళమే.

సొంత ఎక్స్చేంజీ మీద ఆధారపడిన టోకెన్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బిట్‌కనెక్ట్ టోకెన్ వ్యాపారంలో చాలా భాగం ఆ సంస్థ సొంత ఎక్స్చేంజీలోనే సాగేది. 2018 జనవరిలో ఆ సంస్థ తన అప్పుల పథకాన్నీ, ఎక్స్చేంజీనీ మూసివేస్తున్నట్టు ప్రకటించి, పెట్టుబడిదారుల బాకీని మళ్లీ తన టోకెన్ల రూపంలోనే తిరిగి ఇచ్చింది. వాటి ధర చూస్తుండగానే 90 శాతానికి పైగా పడిపోయింది. అమ్మేవాడూ, కొనేవాడూ, ధర చెప్పేవాడూ ఒక్కడే అయినప్పుడు దాన్ని మార్కెట్ అనలేము.

తర్వాతిది టోకెన్‌ను నడిపే కాంట్రాక్టు. సర్వే నంబరు పొలానికి ఎలాగో కాంట్రాక్టు చిరునామా టోకెన్‌కు అలాంటిది. పేరు, బొమ్మ ఎవరైనా పెట్టుకోగలరు, ఒకే పేరుతో పది టోకెన్లు ఉండవచ్చు, చిరునామా మాత్రం దేనిది దానికే. దాన్ని ప్రాజెక్టు అధికారిక సైటు నుంచి తీసుకొని, ఈథరియం మీది టోకెన్ అయితే ఈథర్‌స్కాన్‌లో, ఇతర బ్లాక్‌చెయిన్ల మీదిదైతే వాటి ఎక్స్‌ప్లోరర్‌లో తెరవండి. సోర్స్ కోడ్ ధ్రువీకరించి పెట్టలేదంటే అక్కడే ఆగిపోవచ్చు. కోడ్ ఉంటే, ప్రోగ్రామింగ్ రాకపోయినా కొన్ని మాటల కోసం వెతకవచ్చు. మింట్ అంటే కొత్త టోకెన్లు ముద్రించే అధికారం, పాజ్ అంటే లావాదేవీలు ఆపే అధికారం, బ్లాక్‌లిస్ట్ అంటే ఒక వాలెట్‌ను అమ్మకుండా నిలిపే అధికారం. అమ్మకం మీద రుసుమును యజమాని ఎప్పుడైనా మార్చుకునే వీలు ఉంటే, ఇవాళ రెండు శాతంగా ఉన్నది రేపు తొంభై తొమ్మిది కావచ్చు. ప్రాక్సీ అన్న మాట కనిపిస్తే, ఇవాళ మీరు చదివిన కోడ్ రేపు మారిపోవచ్చని అర్థం. ఈ అధికారాలు ఉన్నంత మాత్రాన మోసమని కాదు, డాలర్ లాంటి వాటి విలువకు ముడిపెట్టిన పేరున్న స్టేబుల్‌కాయిన్లలోనూ కొన్ని ఉంటాయి. ముక్కూమొహం తెలియని ఒక్క వాలెట్ చేతిలో అవన్నీ ఉండటమే చిక్కు.

అదే పేజీలో హోల్డర్స్ అనే విభాగం ఉంటుంది. పై వరుసలో కనిపించే గల్లా, తాళం కాంట్రాక్టు, ఎక్స్చేంజీ వాలెట్లను పక్కన పెట్టి మిగిలిన పదిమంది చేతిలో ఎంత శాతం ఉందో కూడండి. పదిమందీ నిజంగా పదిమందేనా అన్నది మరో ప్రశ్న. ప్రతి వాలెట్‌కు మొట్టమొదట గ్యాస్ రుసుము (లావాదేవీకి కట్టే రుసుము) కోసం ఈథర్ ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి చూడండి. అవన్నీ ఒకే వాలెట్ నుంచి, ఒకే రోజున, ఇంచుమించు ఒకే మొత్తంలో వచ్చి ఉంటే, ఒకే మనిషి పది జేబుల్లో దాచుకున్నాడని అనుమానించడానికి కారణం ఉంది.

కోడ్‌ను బయటి సంస్థ తనిఖీ చేసింది, ఆడిట్ అయిందన్న ముద్ర గురించి రెండు మాటలు. నివేదికను ప్రాజెక్టు సైటులో కాక ఆడిట్ చేసిన సంస్థ సైటులోనే చదవాలి, అందులోని కాంట్రాక్టు చిరునామా మీరు చూస్తున్న చిరునామాతో సరిపోవాలి, కనుగొన్న లోపాలను సరిదిద్దారో లేక గమనించామని మాత్రమే జవాబిచ్చారో చూడాలి. ఆడిట్ కోడ్‌ను పరిశీలిస్తుంది, మనుషులను కాదు. కోడ్ అందరికీ కనిపిస్తూ ఉన్నంత మాత్రాన భద్రత రాదని 2016 జూన్‌లో ఈథరియం మీద నడిచిన ఉమ్మడి పెట్టుబడి నిధి ద డీఏఓ నుంచి సుమారు 36 లక్షల ఈథర్లు ఒక లోపం గుండా జారిపోయినప్పుడే తేలింది.

ఇప్పుడు వైట్‌పేపర్‌లోకి వెళ్దాం, అది కూడా టోకెన్ల పంపకాల పట్టికతోనే మొదలుపెట్టండి. మొత్తం 100 కోట్ల టోకెన్లు, లిస్టింగ్ రోజున బజారులో తిరిగేవి 4 కోట్లు, ధర 5 రూపాయలు అనుకుందాం. ప్రకటనల్లో మార్కెట్ విలువ 20 కోట్లని చిన్నదిగా చూపించి, పెరగడానికి ఎంతో చోటు ఉందంటారు. అన్ని టోకెన్లనూ లెక్కేస్తే ఆ ధరకు ప్రాజెక్టు విలువ 500 కోట్లు. అందులో 40 కోట్ల టోకెన్లు బృందానికీ, తొలి పెట్టుబడిదారులకూ 20 పైసల చొప్పున దక్కి, ఏడాది తర్వాత అన్‌లాక్ అవుతాయనుకోండి, అంటే అప్పటి నుంచి అమ్ముకోవచ్చు. అప్పటికి ధర రూపాయికి పడిపోయి మీరు 80 శాతం నష్టంలో ఉన్నా, వాళ్ల సొమ్ము అయిదు రెట్లయి ఉంటుంది, అమ్మడానికి ఏమాత్రం వెనుకాడరు. పోలిక కోసం 2014లో 42 రోజులపాటు సాగిన ఈథర్ అమ్మకాన్ని గుర్తు చేసుకోవచ్చు. మొదట పుట్టిన సుమారు 7.2 కోట్ల ఈథర్లలో దాదాపు 6 కోట్లు అమ్మకంలో కొన్నవారికే దక్కాయి. అన్‌లాక్ తేదీలను క్యాలెండర్‌లో రాసుకోండి. తేదీలే చెప్పని ప్రాజెక్టును పరిశీలించడానికి ఇంకా సమయం వెచ్చించనక్కరలేదు.

పేపర్‌లోని మిగతా భాగంలో అడగవలసింది ఒక్కటే: ఈ పనికి టోకెన్ ఎందుకు? అదే సేవకు రూపాయల్లోనో డాలర్లలోనో డబ్బు కట్టించుకుంటే ఏమి ఆగిపోతుంది? బిట్‌కాయిన్ పత్రం 2008లో తొమ్మిది పేజీల్లో తన సమస్యనూ పరిష్కారాన్నీ చెప్పగలిగింది. అరవై పేజీల్లో కృత్రిమ మేధ, మెటావర్స్, సప్లై చైన్ అన్నీ కలిపి వడ్డించి, ఈ ప్రశ్నకు మాత్రం జవాబివ్వని పత్రాలు కొల్లలుగా ఉన్నాయి.

రాబడి హామీ కనిపిస్తే క్యాలిక్యులేటర్ తీయండి. బిట్‌కనెక్ట్ నెలకు 40 శాతం వరకు వస్తుందని చెప్పింది. నెలకు 40 శాతం చొప్పున తిరిగి పెడుతూ పోతే లక్ష రూపాయలు ఏడాదికి 56 లక్షలు దాటుతాయి, రెండేళ్లకు 32 కోట్లవుతాయి. ఇలాంటి రాబడి తెచ్చే యంత్రం నిజంగా ఉన్నవాడు మన లక్ష కోసం హోటల్ హాలు అద్దెకు తీసుకొని సభలు పెట్టడు. ఇద్దరిని చేర్పిస్తే కమిషన్ అన్న మాట కూడా తోడైతే అది టోకెన్ కాదు, గొలుసుకట్టు పథకం.

మనుషుల విషయానికి వస్తే, ప్రాజెక్టు బృందం ఫొటోలను గూగుల్ లెన్స్‌లో వేసి చూడటం అయిదు నిమిషాల పని. 2017లో రెండున్నర కోట్ల డాలర్లకు పైగా సేకరించిన సెంట్రా టెక్ సంస్థకు సీఈఓ అని చూపిన వ్యక్తి అసలు లేడు, ఆ ఫొటో ఒక కెనడా ప్రొఫెసర్‌ది. వీసా, మాస్టర్‌కార్డ్‌లతో ఒప్పందం ఉందన్నదీ అబద్ధమే. కాబట్టి భాగస్వామిగా చెప్పుకునే పెద్ద సంస్థ తన సైటులో ఆ మాట చెప్పిందా అన్నది చూడాలి. ఆ సంస్థను ప్రచారం చేసినందుకు బాక్సర్ ఫ్లాయిడ్ మేవెదర్ లక్ష డాలర్లు పుచ్చుకొని ఆ సంగతి చెప్పలేదని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2018లో తేల్చింది. మన యూట్యూబ్ చానళ్లలోని సమీక్షలకూ ఇదే కొలత పెట్టుకోవచ్చు.

మన దేశంలో తరచుగా కనిపించే మరో ఎత్తు, కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రాన్నో, జీఎస్టీ నంబరునో చూపి ప్రభుత్వ అనుమతి ఉందనడం. అవి ఏ వ్యాపారానికైనా వస్తాయి. 2023 మార్చి నుంచి క్రిప్టో వ్యాపార సంస్థలు మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి వచ్చి, కేంద్ర ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్ఐయూ-ఇండియా దగ్గర నమోదు కావలసి ఉంది. అది ఎక్స్చేంజీ నమోదు మాత్రమే, అందులో దొరికే టోకెన్ నాణ్యతకు హామీ కాదు. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు అమ్మకం నిబంధనల్లో ఏయే దేశాలవారిని మినహాయించారో చదవాలి. మీరున్న దేశాన్ని దాచే వీపీఎన్ పెట్టుకొని లోపలికి వెళితే, రేపు వివాదం వచ్చినప్పుడు నిబంధన ఉల్లంఘించింది మీరే అవుతారు.

పన్ను లెక్క కూడా కొనే ముందే వేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒక టోకెన్ నష్టాన్ని మరో టోకెన్ లాభంలోంచి తీసేసుకోవడానికి వీల్లేదు. ఒకదానిలో 50 వేలు లాభం, మరోదానిలో 50 వేలు నష్టం వస్తే మీకు మిగిలింది సున్నా, కట్టవలసింది మాత్రం సెస్సుతో కలిపి 15,600 రూపాయలు. పది కొత్త టోకెన్లలో తలా కొంత పెడితే ఒకటైనా తగులుతుందన్న వాదన ఈ నిబంధన ముందు నిలవదు.

ఇవన్నీ చూశాక కూడా కొనాలనిపిస్తే, ఖాళీగా ఉన్న కొత్త వాలెట్ ఒకటి తెరిచి, పోయినా బాధ పడనంత చిన్న మొత్తంతో కొని, వెంటనే సగం అమ్మి చూడండి. అమ్మకం జరిగిందా, రుసుము ఎంత కోశారు, చేతికి ఎంత వచ్చింది అన్నవి రాసుకోండి. ఇవాళ అమ్ముడైందంటే రేపూ అమ్ముడవుతుందని కాదు, ఇవాళే అమ్ముడు కాకపోతే మాత్రం జవాబు దొరికినట్టే. సైటుకు వాలెట్ కలిపేటప్పుడు మీ వాలెట్‌లోని నాణేలను తీసుకునే అపరిమిత అనుమతి అడిగితే, కొనే మొత్తానికే పరిమితం చేయండి. వాలెట్‌కు తాళంచెవి లాంటి పన్నెండు లేదా ఇరవైనాలుగు పదాల సీడ్ ఫ్రేజ్‌ను ఏ అమ్మకమూ అడగదు, అడిగితే అది దొంగతనం.

లిస్టింగ్‌కు ముందు అమ్మే ప్రీసేల్‌లో ఈ పరీక్ష కుదరదు, ఎందుకంటే టోకెన్ ఇంకా మీ చేతికి రాదు. అలాంటప్పుడు డబ్బు ఏ కాంట్రాక్టులోకి వెళుతుందో, అనుకున్న మొత్తం రాకపోతే వాపసు తీసుకునే వీలు అదే కోడ్‌లో ఉందో లేదో చూడాలి. సూటిగా ఒక వ్యక్తి వాలెట్‌కో, యూపీఐ నంబరుకో పంపమంటే పంపకండి. ఇప్పటికే పంపి, ఉపసంహరణకు ముందు పన్ను కట్టాలనో విడుదల రుసుము కట్టాలనో అడుగుతుంటే ఇంకో రూపాయి కట్టకుండా, లావాదేవీ హ్యాష్ (దాని గుర్తింపు సంఖ్య), వాలెట్ చిరునామాలు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకొని సైబర్ నేరాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఆ రోజే ఫోన్ చేయండి.