డ్రిల్లు పీరియడ్‌కు ఇంటర్నెట్ పాఠాలు – 3: కొలత ఎక్కడిది?

పోయిన భాగంలో దీక్షా అనే ప్రభుత్వ పాఠాల పోర్టల్‌లోనూ ఫిట్ ఇండియా యాప్‌లోనూ మన తరగతికి పనికొచ్చేవి వెతకడం చూశాం. దొరికినదాన్ని పిల్లలతో చేయించే ముందు దాని కొలతలు సరిచూసుకోవడం ఈ భాగం పని. పీఈటీ లేని బడిలో డ్రిల్లు కూడా చూసుకునే లెక్కల సారుకు ఇది ఇంకా తేలిక.

సిట్ అండ్ రీచ్‌తో మొదలుపెడదాం. కాళ్లు చాపి కూర్చుని, పాదాలు పెట్టెకు ఆనించి, మోకాళ్లు లేవకుండా వేళ్లను స్కేలు మీద ముందుకు జరపాలి. నాలుగో తరగతి నుంచి పై పిల్లలకు ఖేలో ఇండియా పెట్టిన పరీక్షల్లో ఇదొకటి. చూడ్డానికి ఇంత సులువైంది లేదు. కానీ పాదాలు ఆనే చోట స్కేలు మీద ఏ అంకె ఉంది? ఒక రకం పెట్టెలో 15 సెంటీమీటర్లు, ఇంకో రకంలో 23, మరో రకంలో 26. అంటే సరిగ్గా కాలివేళ్ల దాకా అందుకున్న పిల్లకే మూడు పెట్టెల మీద మూడు మార్కులు. ఒకచోటి వీడియో చూసి పెట్టె చేయించి, ఇంకోచోటి పట్టికతో పోల్చితే బాగా వంగే పిల్ల కూడా ఫెయిలే. అందుకే పాదాలు కనిపించే చోట వీడియో ఆపి స్కేలు చూడండి. అంకె కనిపించకపోయినా, చెప్పకపోయినా ఆ వీడియో వదిలేయండి, ఎంత బాగా తీసినా సరే. మన బడిలో బల్లను పక్కకు పడుకోబెట్టి పైన స్కేలు అంటిస్తే చాలు. పాదాల దగ్గరి అంకెను మాత్రం రిజిస్టరులో పై వరసలోనే రాసుకోవాలి.

600 మీటర్ల పరుగుకు ట్రాక్ లేదని దిగులు వద్దు. 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పుతో ముగ్గుపిండి గీత గీస్తే చుట్టు 100 మీటర్లు. ఆరు రౌండ్లు. పెద్దల ఖోఖో కోర్టు ముందే గీసి ఉంటే అదీ అక్కర్లేదు: పొడవు 27, వెడల్పు 16, చుట్టు 86, ఏడు రౌండ్లకు 602. రెండు మీటర్లకు కొంపలేం మునగవు. అయితే మూల తిరిగిన ప్రతిసారీ పిల్లలు వేగం తగ్గిస్తారు కాబట్టి ట్రాక్ మీద తీసిన టైములతో వీళ్లను పోల్చకండి. జూలైలో తీసిన టైమును అదే గ్రౌండులో జనవరిలో తీసినదానితో పోల్చండి.

బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, దాని దగ్గర అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నెట్‌లో దొరికే క్యాలిక్యులేటర్లు చాలావరకు పెద్దవాళ్లవి. వాటిలో 18.5 కంటే తక్కువైతే బరువు తక్కువని వస్తుంది. ఆ లెక్కన ఆరోగ్యంగా ఉన్న ఆరో తరగతి పిల్లల్లో చాలామంది బరువు తక్కువవాళ్లుగా తేలతారు. 5 నుంచి 19 ఏళ్లవాళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన చార్టులు ఉన్నాయి, ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. అవే వాడండి. వచ్చిన అంకెను తరగతిలో పైకి చదవకండి, ఆ సాయంత్రానికే అదొక పేరై కూర్చుంటుంది.

నల్గొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు వైపు పనిచేసేవాళ్లకు ఇంకో మాట. ఏ ఫిట్‌నెస్ వీడియోలోనూ ఇది ఉండదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊళ్లలో కీళ్లు, నడుము బిగుసుకోవడం అంటే ఏమిటో మీకు తెలుసు. వంగలేని పిల్లను బద్ధకమని అనేముందు మూడు పనులు చేయించండి: మోకాళ్లు వంచకుండా కాలివేళ్లు ముట్టుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, రెండు చేతులూ తల వెనక్కి పెట్టడం. ఫ్లోరోసిస్ అనుమానం వచ్చినప్పుడు చేయించేవి ఇవే. పళ్ల మీద తెల్ల చారలో, గోధుమరంగు మరకలో ఉన్నాయేమో కూడా చూడండి. వీటిలో ఏది తేడాగా అనిపించినా రోగం పేరు మీరు పెట్టొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పి పీహెచ్‌సీకి పంపండి. మార్కుల గడి ఖాళీగా ఉంచండి.

ఈ వారం అభ్యాసం: మీ ఫోన్‌లో దాచుకున్న ఏదైనా ఒక పరీక్ష వీడియో తీసి, అది ఏ వయసువాళ్లది, కొలత ఎక్కడ మొదలవుతోంది, ఏ నేల మీద చేశారు అన్నవి నోట్‌బుక్‌లో రాయండి. ఒకటి రెండు ఖాళీగా మిగిలితే మరో వీడియో వెతకండి. వచ్చే భాగం ఒంటిపూట బడుల నెలల గురించి: ఎండలో ఎంతసేపు, ఏ ఆటలు, నీళ్లు ఎప్పుడు.