మబ్బు రోజులకు ముందే సోలార్ సెన్సార్ నోడ్ ఛార్జింగ్‌లో చూసుకోవాల్సినవి

ఎండ బాగా కాస్తున్నన్నాళ్లు సర్క్యూట్‌లో ఏ లోపమున్నా బయటపడదు. మబ్బు పట్టగానే నోడ్ (కొలతలు తీసి రేడియోలో పంపే చిన్న పరికరం) ఆగిపోతుంది, నింద బ్యాటరీ మీద పడుతుంది. చాలాసార్లు అసలు దొంగ, ఎక్కడో కారిపోతున్న రెండు మూడు మైక్రోఆంపియర్లు.

ముందు లెక్క వేసుకోండి. నోడ్ స్లీప్‌లో (పని లేక నిద్రపోతున్నప్పుడు) 3 మైక్రోఆంపియర్లు తీసుకుంటూ, పది నిమిషాలకోసారి 30 మిల్లీఆంపియర్లతో 50 మిల్లీసెకన్లు డేటా పంపుతుందనుకుందాం. పంపే ఖర్చు సగటున 2.5 మైక్రోఆంపియర్లు, స్లీప్‌తో కలిపి మొత్తం 5.5. పనికొచ్చే వెలుతురు రోజుకు 6 గంటలే దొరికితే ఆ 6 గంటలూ బ్యాటరీలోకి 22 మైక్రోఆంపియర్లు వెళ్లాలి. దీనికి 3 మైక్రోఆంపియర్ల లీకేజీ (వృథాగా కారిపోయే కరెంట్) తోడైతే ఆ 22 కాస్తా 34 అవుతుంది.

స్లీప్ కరెంట్ కొలవడానికి ప్యానెల్ విప్పి, బ్యాటరీ లైన్‌లో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టండి. దాని మీద ఒక మిల్లీవోల్ట్ అంటే ఒక మైక్రోఆంపియర్. నోడ్ బూట్ అయ్యేటప్పుడు మాత్రం రెసిస్టర్‌ను జంపర్‌తో షార్ట్ చేసి ఉంచాలి, లేకపోతే వోల్టేజీ పడిపోయి మళ్లీ మళ్లీ రీసెట్ అవుతుంది. స్లీప్‌లోకి వెళ్లాక జంపర్ తీయండి. రేడియోను ఫర్మ్‌వేర్‌లో (నోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌లో) ఆపేసి కొలిస్తేనే అంకె నిలకడగా ఉంటుంది. తర్వాత ప్యానెల్‌ను తిరిగి కలిపి, నల్లగుడ్డతో కప్పి ఇంకోసారి చూడండి. అప్పుడు అంకె పెరిగితే రాత్రిపూట ప్యానెల్‌లోకి వెనక్కి ఎంత పోతోందో తెలుస్తుంది. షాట్‌కీ డయోడ్ (కరెంట్‌ను ఒకవైపే పోనివ్వాల్సిన భాగం) ఉన్న బోర్డుల్లో ఇది మామూలే, వేడెక్కితే ఇంకా పెరుగుతుంది.

బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్‌ను (టంకం వేసేటప్పుడు వాడే జిగురు పదార్థాన్ని) తేలిగ్గా తీసుకోవద్దు. ప్యానెల్ నుంచి బ్యాటరీని ఛార్జ్ చేసే బీక్యూ25570 లాంటి చిప్‌ల చుట్టూ, ఛార్జింగ్ పరిమితిని నిర్ణయించే రెసిస్టర్ల మొత్తం 13 మెగా ఓమ్‌ల దాకా ఉంటుంది. తేమ పట్టిన ఫ్లక్స్ వాటికి సమాంతరంగా ఇంకో రెసిస్టర్‌లా పనిచేసి, మీరు పెట్టిన ఛార్జింగ్ పరిమితినే మార్చేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి బాగా ఆరనివ్వండి. అదే కారణంతో ఆ రెసిస్టర్లు కలిసే పిన్నుల మీద మల్టీమీటర్ ప్రోబ్ కూడా పెట్టకండి, సాధారణ మీటర్ లోపల ఉండేదే 10 మెగా ఓమ్‌లు. బ్యాటరీ కొనల దగ్గర కొలవండి.

ఛార్జింగ్ అసలు మొదలవకపోతే ప్యానెల్ కొనల దగ్గర వోల్టేజీ చూడండి. అది 0.6 వోల్ట్ దగ్గరే అతుక్కుపోయి ఉంటే ఈ చిప్ కోల్డ్ స్టార్ట్ (ఖాళీ స్థితి నుంచి మొదలయ్యే తొలి దశ) దాటలేదని అర్థం. స్టోరేజ్ కెపాసిటర్ 1.8 వోల్ట్‌లకు చేరేలోపే నోడ్ దాన్ని లాగేస్తూ ఉండొచ్చు, లోడ్ విప్పి చూడండి. సరిగ్గా నడిచేటప్పుడు సోలార్ సెట్టింగ్‌లో ఇన్‌పుట్, ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీలో (ప్యానెల్ నుంచి కరెంట్ ఏమీ తీయనప్పుడు ఉండే వోల్టేజీలో) 80 శాతం దగ్గర ఉంటుంది. 16 సెకన్లకోసారి పావు సెకను పాటు పైకి లేచి వస్తుంది. ఎప్పుడూ పైనే ఉంటే కంగారు పడకండి, ముందు బ్యాటరీ నిండిందేమో చూడండి.

ప్యానెల్ దుమ్ము తుడవడం ఎలాగూ ఉంటుంది.

లిథియం అయాన్ సెల్ 2 వోల్ట్‌ల కిందికి పడి రోజుల తరబడి అలాగే ఉండిపోతే మళ్లీ ఛార్జ్ చేయకండి. లోపలి రాగి కరిగి, ఛార్జ్ చేసేటప్పుడు షార్ట్ కావచ్చు. కటాఫ్‌ను (నోడ్‌కు సరఫరా ఆపేసే వోల్టేజీని) 3.0 వోల్ట్‌ల దగ్గర, ఛార్జింగ్ గరిష్ఠాన్ని 4.2 వోల్ట్‌లు మించకుండా పెట్టండి. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ ఆగేలా ఏర్పాటు ఉండాలి. ఇలాంటి చాలా హార్వెస్టింగ్ (వెలుతురు నుంచి కరెంట్ సేకరించే) చిప్‌లు సెల్ వేడిని చూడవు కాబట్టి ఆ పని ఫర్మ్‌వేర్‌కే అప్పగించాలి.